మూడో లైసెన్సు

మా అక్క వెర్నా ఆగస్టులో పోయింది. ఆ తర్వాత బడిలో తప్ప నేను ఎక్కడా పెద్దగా మాట్లాడలేదు. బడిలో మాట్లాడకపోతే కుదరదు. ఆరో తరగతి పిల్లలకు చదవడం, చదివినదాన్ని అర్థం చేసుకోవడం నేర్పే పని నాది. ఇంటికి వచ్చాక మాట్లాడడానికి మనిషి లేదు. నేనూ అక్కా ఇద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అమ్మ పోయాక కియోకక్ ఊళ్ళో నది కనిపించే వీధిలో చిన్న ఇల్లు తీసుకుని కలిసి ఉన్నాం. అక్క మా బడిలో వంటశాల నడిపేది. రిటైరయ్యాక మా ఇంటి వంటశాల నడిపింది. నేను తినడం మాత్రం నేర్చుకున్నాను.

చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను ఇంటి దగ్గరే చూసుకునే సంస్థ ఒకటి అక్కను చూసుకుంది. అక్క పోయిన కొన్ని వారాలకు ఆ సంస్థ నుంచి ట్వైలా రెన్‌ఫ్రో ఫోను చేసింది. ఆమె వాళ్ళ సోషల్ వర్కరు. మంగళవారం సాయంత్రాలు లూథరన్ చర్చి కింది హాల్లో, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారని, నన్నూ రమ్మని అడిగింది.

"భార్యలూ భర్తలూ వస్తారు కాబోలు," అన్నాను.

"ఎక్కువగా వాళ్ళే."

"నేను చెల్లెల్ని."

"కుర్చీల మీద ఏమీ రాసి ఉండదండీ. వచ్చి కూర్చోండి."

వెళ్ళి కూర్చున్నాను. మొదటి రెండు వారాలూ కాఫీ కప్పు పట్టుకుని విన్నాను. మూడో వారం అక్క పేరు పైకి అన్నాను. ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించలేదు. అందువల్లే ఇంకోసారి అనగలిగాను. పక్క కుర్చీలో ఆర్వల్ టీడమన్ కూర్చునేవాడు. సోయా పండించే ముసలి రైతు, భార్య పోయి ఏడాది దాటింది. నేను లోపలికి రాగానే, "టీచరమ్మ వచ్చింది, అందరూ నిటారుగా కూర్చోండి," అనేవాడు. ఆ మాట కోసం నేను ఎదురుచూస్తున్నానని కొన్నాళ్ళకు గమనించుకున్నాను.

నవంబరు మొదట్లో ఒక సాయంత్రం, అందరం కూర్చున్నాక, ట్వైలా తన సంగతి ఒకటి చెప్పాలంది. ఆమె తన సంగతులు ఎప్పుడూ చెప్పదు.

"మా పై అధికారి మార్లిస్ మార్చి చివర రిటైరవుతున్నారు. ఇన్నాళ్ళూ ఆవిడ పర్యవేక్షణలో నేనీ గుంపును నడిపాను. ఆవిడ వెళ్ళాక నేను ఒక్కదాన్నే నడపాలంటే మూడో లైసెన్సు ఉండాలి. దానికి పరీక్ష రాయాలి. ఇప్పటికే రెండుసార్లు రాశాను."

"రాసి?" అన్నాడు ఆర్వల్.

"రాసి ఇంటికొచ్చాను."

"ఇన్నేళ్ళు పనిచేశాక ఇంకా లైసెన్సులేంటమ్మాయ్? నలభై ఏళ్ళు ట్రాక్టరు తోలాను. ఒక్కడూ నన్ను లైసెన్సు అడగలేదు."

"అడిగి ఉంటే పోయినేడు దాన్ని కాలవలోకి దింపేవారు కాదేమో."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక ట్వైలా వివరంగా చెప్పింది. మొదటి లైసెన్సు ఇరవైల్లో, డిగ్రీ చేతికి రాగానే తీసుకుంది. కౌంటీ ఆఫీసు తరఫున పిల్లలున్న ఇళ్ళకు తిరిగేది. తన పిల్లలు ఎదిగాక సాయంత్రాలు చదివి పై డిగ్రీ పూర్తిచేసి రెండోది తీసుకుంది, అప్పుడే ఈ సంస్థలో చేరింది. మూడోదాని కోసం ఏళ్ళ తరబడి మార్లిస్ కింద పనిచేసింది. మిగిలింది పరీక్ష.

"మొదటిదానితో తలుపు కొట్టొచ్చు," అంది. "రెండోదానితో లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. మూడోది ఉంటే నా వెనకాల ఇంకొకరు కూర్చోనక్కర్లేదు."

"ఈసారీ కాకపోతే?" అని అడిగాను.

"మళ్ళీ రాయడానికి కొన్నాళ్ళు ఆగాలి. ఈలోగా ఇక్కడ గుంపు ఉండదు. కంప్యూటర్లో కలుసుకునే గుంపులు ఉన్నాయి, అందులో చేరొచ్చు."

"తెర ముందు కూర్చుని నేను ఏడవను," అన్నాడు ఆర్వల్. "నేను ఏడిస్తే పక్కనున్నవాడు ముక్కు తుడుచుకోవడానికి ఏదో ఒకటి అందించాలి."

ఆ రోజు కుర్చీలు సర్దుతుంటే కాఫీ బల్ల మీద ట్వైలా పరీక్ష పుస్తకం కనబడింది. అచ్చులో ప్రశ్న కనిపిస్తే చదవకుండా ఉండలేను. తెరిచి ఉన్న పేజీలో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని సోషల్ వర్కరు దగ్గరికి వచ్చింది. భర్త వదిలి వెళ్ళాడని, నిద్రపట్టడం లేదని చెప్పింది. బయట గడ్డకట్టే చలి. పిల్లాడి ఒంటిమీద పల్చటి చొక్కా ఉంది. సోషల్ వర్కరు మొదట ఏం చేయాలి? కింద నాలుగు జవాబులు. ట్వైలా పెన్సిలుతో 'పిల్లాడికి కోటు ఏర్పాటు చేయాలి' అన్నదాని చుట్టూ గీత గీసింది. పుస్తకం ప్రకారం, నిద్రపట్టని ఆ రాత్రుల్లో ఏం జరుగుతోందని తల్లిని అడగడం సరైన జవాబు.

"సరైన జవాబేదో నాకూ తెలుసండీ," అంది ట్వైలా, నా భుజం మీంచి చూస్తూ. "కానీ పిల్లాడు వణుకుతున్నాడు కదా."

"వణుకుతున్నాడని ఇందులో లేదు. చొక్కా పల్చగా ఉందని మాత్రమే ఉంది."

ఆమె వంగి మళ్ళీ చదివింది. "లేదే."

"మీరే వణికించారు."

"ఊరికే ఇచ్చే కోట్లు ఎక్కడుంటాయో కూడా నాకు తెలుసు. మెథడిస్టు చర్చిలో, మెట్ల కింది బీరువాలో. పిల్లల సైజులు కుడివైపు."

"ఈ పుస్తకంలో మెథడిస్టు చర్చి లేదు, ట్వైలా."

ఆమె గట్టిగా నవ్వింది. తర్వాత కుర్చీ వీపు మీద చేతులు ఆన్చింది. "మొదటి పరీక్షలో ఈ ప్రశ్న వచ్చి ఉంటే కోటే రైటయ్యేదేమో. అప్పట్లో మార్కులు బాగా వచ్చాయి నాకు."

ఆ మాట ఇంటికి వెళ్ళే దారంతా నా వెంట వచ్చింది. మా పిల్లల్లో కూడా కొందరు ఇలాగే తప్పుతారు. చదవడం రాక కాదు. రెండో వాక్యానికే కథ మొత్తం తెలిసిపోయిందనుకుని, మిగతాది తామే రాసుకుంటారు. వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలుసు.

ఒక్క ప్రశ్న చూపిస్తానని తర్వాతి మంగళవారం అన్నాను. వద్దంది. కుర్చీలు సర్దేటప్పుడు మాట్లాడుకునే మాటలే కదా అన్నాను. ఆమె గోడ గడియారం వైపు చూసి, సరే ఒక్కటి అంది. ఒకటి రెండయింది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటాక, రాత్రి హాల్లో హీటరు ఆపేసే వేళకు ప్రశ్నలు మిగిలిపోతూండేవి. అప్పుడు నేనే శనివారం పొద్దున మా ఇంటికి రమ్మన్నాను. ఆమె కారు మా ఇంటి ముందు ఆగి, కాసేపు ఇంజను ఆపకుండానే ఉండిపోవడం కిటికీలోంచి చూశాను. తర్వాత దిగి వచ్చింది.

ఆ శనివారాలు బాగుండేవి. వంటింటి బల్ల మీద ఆమె పుస్తకం, నా కాఫీ. ప్రశ్న చదవగానే పెన్సిలు కింద పెట్టమన్నాను. ఆ మనిషి గురించి ప్రశ్నలో ఏముందో అది మాత్రం చెప్పమన్నాను. మిగతాదానికి 'ఇంకా తెలియదు' అనమన్నాను. మొదట్లో ఆమెకు అది పంటికింద రాయిలా ఉండేది.

"భార్య పోయిన ముసలాయన అన్నం తినడం లేదు," అని చదివేది. "సూపు తీసుకెళ్ళాలి."

"ఎందుకు తినడం లేదు?"

"వండుకోవడం రాదు."

"ప్రశ్నలో అలా ఉందా?"

"... లేదు. ఇంకా తెలియదు. కానీ టీచరుగారూ, ఆయన అచ్చం ఆర్వల్ లాంటివాడు."

"ఆయన పేరు మిస్టర్ ఎం. మీరు ఎప్పుడూ చూడని మనిషి. చచ్చిపోవాలనుకుంటున్నాడేమో అడిగారా?"

పెన్సిలు తిప్పుతూ కూర్చుంది. "అడగలేదు. సూపు పట్టుకెళ్ళేదాన్ని. తలుపు తీసేవాడు. 'తిన్నారా' అనేదాన్ని. తింటానని అబద్ధం చెప్పేవాడు." పుస్తకం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ అంది.

క్రిస్మస్ తర్వాత తప్పులు తగ్గాయి. నాకు ఆ సంగతి ఆమెకంటే ముందు తెలిసింది. మంగళవారాలు కూడా వెళ్తూనే ఉన్నాను. అందరికీ కాఫీ పోసేదాన్ని, కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. "నువ్వు ఇక్కడ ఉద్యోగంలో చేరావా ఏంటి టీచరమ్మా?" అన్నాడు ఆర్వల్ ఒకసారి. అది పొగడ్త అనుకున్నాను.

జనవరిలో ఒక శనివారం ట్వైలా ఒక ప్రశ్న పైకి చదివింది.

"సోషల్ వర్కరు నడిపే గుంపుకు, భర్త పోయిన ఒకామె వస్తోంది. ఆమె పియానో టీచరు. గుంపు వల్ల తనకు ఎంతో మేలు జరిగిందని, సోషల్ వర్కరు కూతురికి ఊరికే పియానో నేర్పుతానని అంది. సోషల్ వర్కరు మొదట ఏం చేయాలి?"

పెన్సిలు కింద పెట్టలేదు. నాలుగు జవాబులూ చదవలేదు కూడా. "ఒప్పుకోకూడదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆమెతో మాట్లాడాలి," అంది. వెనక పేజీలో అదే ఉంది.

"సరిగ్గా చెప్పారు," అని పేజీ తిప్పబోయాను. ఆమె అరచేయి పేజీ మీద పెట్టింది.

"టీచరుగారూ, మా దగ్గరికి వచ్చేవాళ్ళ నుంచి మేం ఏ సాయమూ తీసుకోకూడదు. ఇది నాకు మొదటి లైసెన్సు నాటి నుంచీ తెలుసు."

"పియానో వేరు."

"వేరు కాదండీ."

"నేను మీ దగ్గర ఏమీ తీసుకోవడం లేదు. మీరేమీ అడగలేదు. శనివారాలు నాకు వేరే పనేమీ లేదు."

"మీరు గుంపులో చివరిసారి మాట్లాడింది ఎప్పుడు?"

ఆలోచించాను. కాఫీ గురించి మాట్లాడాను. ఆర్వల్‌తో మాట్లాడాను. ఆమె అడిగింది దాని గురించి కాదని తెలుసు.

"థాంక్స్‌గివింగ్ ముందు," అన్నాను.

"అది నేను గమనించాలి. గమనించడమే నా పని. నేను ఇక్కడికి వచ్చినప్పుడు మీరు బాగానే ఉండేవారు. మీరు బాగుండడం నాకు అవసరమైపోయింది. అందుకని చూడలేదు."

నేను లేచి సింకు దగ్గర కప్పు కడిగాను. కడిగిన కప్పునే మళ్ళీ కడిగాను. ఆమె చెప్పినదాంట్లో నాకు కోపం వచ్చిన మాట ఏదో వెతికితే దొరకలేదు. ఆ శనివారాల్లో నేను టీచర్ని. టీచరుకు ఎవరూ పోలేదు.

"అయితే గుంపు మానేస్తాను," అన్నాను. "అప్పుడు నేను ఉత్త టీచర్ని. పరీక్ష నెల కూడా లేదు. ఇప్పుడు ఆపితే మీరు మళ్ళీ కోట్ల బీరువా దగ్గరికే వెళ్తారు."

"వెళ్తానేమో."

"ఆర్వల్ ఏమవుతాడు? మిగతావాళ్ళు?"

"నా పరీక్ష కోసం మీరు కుర్చీ ఖాళీ చేస్తే, ఆ లైసెన్సు పెట్టుకుని నేనేం చేసుకోనండీ? అయినా ఒకసారి నా దగ్గరికి వచ్చి కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళినంతమాత్రాన ఉత్త టీచర్లు కాలేరు." పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. "మార్లిస్‌కు చెప్పాలి."

"చెప్తే?"

"నా పనికి పూచీ ఆవిడే. ఆవిడ సంతకం చేయకపోతే పరీక్ష పాసైనా లైసెన్సు రాదు."

"చేస్తుందా?"

"ఇంకా తెలియదు," అంది.

"చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ట్వైలా."

"మనిద్దరికీ తెలుసు కదా. మంగళవారం మనం ఎదురెదురుగా కూర్చోవాలి."

కోటు వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆమెను గుమ్మం దాకా సాగనంపలేదు. ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్న మాట, నేను సాయం చేశాను అని. సాయంత్రానికి ఆ మాట అరిగిపోయింది.

వారం మధ్యలో మార్లిస్ ఫోను చేసింది. ఆమెను నేను ఒకటి రెండుసార్లే చూశాను. కొలిచినట్టు మాట్లాడే మనిషి.

"మిస్ వాస్, ట్వైలా నాకు అంతా చెప్పింది. దీనివల్ల మీకేమైనా కష్టం కలిగిందా? వేరొకరి దగ్గరికి పంపే ఏర్పాటు చేయమంటారా?"

"అక్కర్లేదు. ఆమె అడగలేదండీ. నేనే అంటగట్టాను."

"అంటగట్టేవాళ్ళు అంటగడతారు. ఆపాల్సింది ఆమె."

"ఆపింది."

"ఆలస్యంగా," అంది మార్లిస్. "కానీ ఆపింది. తనంతట తాను వచ్చి చెప్పింది. నేను వెళ్ళేదాకా ప్రతి వారం దీని గురించి నాతో కూర్చోమన్నాను. సంతకం చేస్తాను. పరీక్ష మాత్రం ఆమె ఒక్కతే రాసుకోవాలి. మీరు సాయం చేయకండి."

"చేయను."

"అడగను కూడా అడగకండి. ఎలా చదువుతున్నావని మీరడిగితే, ఆమె మీకు ధైర్యం చెప్పాల్సి వస్తుంది. మీరు ఆమెకు చెప్పాల్సి వస్తుంది. మళ్ళీ మొదటికొస్తారు."

అది ఆలోచించి చెప్పిన మాట. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పరీక్షలు పెడుతున్నాను, ఎలా రాశావని అడగకుండా ఎప్పుడూ ఉండలేదు. ఫిబ్రవరిలో మంగళవారాలు వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. కాఫీ వేరేవాళ్ళు పోశారు. ట్వైలా నావైపు అందరినీ చూసినట్టే చూసేది. ఆమె కళ్ళ కింద నల్లబడితే, రాత్రి ఎన్ని పేజీలు చేసిందో లెక్కవేయకుండా ఉండడానికి కింద గచ్చు వైపు చూసేదాన్ని. శనివారం పొద్దున, చలికాలంలో నదిమీదికి వచ్చే గద్దలను చూడడానికి వచ్చేవాళ్ళ కార్లు మా వీధిలో ఆగేవి. ఇంజను శబ్దం వినబడ్డప్పుడల్లా తల ఎత్తేదాన్ని. నాకు మళ్ళీ ఇల్లు మిగిలింది, అందులో అక్క లేకపోవడం మిగిలింది. రెండు నెలలుగా అది నాకోసం కదలకుండా కాచుకుని ఉన్నట్టుంది.

ఆ నెల మూడో శుక్రవారం పరీక్ష. ఆ తేదీ అంతకుముందే తెలుసు కనుక మరిచిపోవడం వీలుకాలేదు. కంప్యూటర్లో జవాబులు నొక్కడం పూర్తవగానే ఫలితం తెర మీద వస్తుందని కూడా తెలుసు. అంటే శుక్రవారం మధ్యాహ్నానికి ఆమెకు తెలిసిపోయింది. శనివారం, ఆదివారం, సోమవారం నేను ఫోను చేయలేదు.

మంగళవారం మంచుతుఫాను వెళ్ళిపోయిన మర్నాడు. హాల్లోకి వెళ్ళేసరికి ట్వైలా అప్పటికే కుర్చీలు గుండ్రంగా వేసి ఉంచింది. ఆమె ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. ఎప్పటిలాగే కొత్తగా వచ్చినామెకు తువ్వాలు ఎక్కడుందో చూపిస్తోంది, తడిసిన బూట్లు తుడుచుకోవడానికి.

అందరూ కూర్చున్నాక ఆర్వల్ ఇక ఆగలేకపోయాడు.

"అమ్మాయ్, నేను పన్నెండు మైళ్ళు మంచులో వచ్చాను. పాసయ్యావా, లేక మేమంతా మా బోడి తెరలు కొనుక్కోవాలా?"

"పాసయ్యానండీ."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ కలిశారు. ఆర్వల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇంకేం. ఇక్కడే ఏడవొచ్చు," అన్నాడు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. అందరితో పాటు అంతే చప్పట్లు కొట్టాను, ఎక్కువ కొట్టలేదు. ట్వైలా నావైపు ప్రత్యేకంగా చూడలేదు. చూడనందుకు మొదట మనసు చివుక్కుమంది. తర్వాత, ఆమె కొత్తగా నేర్చుకున్నది అలా చూడకుండా ఉండడమేనని అర్థమైంది.

"సరే, చాలు," అంది నవ్వుతూ. "ఏప్రిల్లో కూడా ఇక్కడే ఉంటాం. ఆ కబురు ఇంతటితో అయిపోయింది. ఈ గంట మీది, నాది కాదు." చప్పట్లు ఆగేదాకా ఉండి, అప్పుడు నావైపు తల తిప్పింది. "ఆర్డిత్ గారూ, మీరు మాట్లాడి చాలా రోజులైంది. ఈ వారం ఎలా గడిచింది?"

బాగానే గడిచిందని నోటిదాకా వచ్చింది. అందరూ ఎదురుచూస్తున్నారు, కానీ తొందరపెట్టడం లేదు.

"నిన్న పొద్దున కారు అద్దం మీద మంచు పేరుకుంది," అన్నాను. "అది గీకేది ఎక్కడుంటుందో నాకు తెలియదు."

"నీ కారులో నీకు తెలియదా?" అన్నాడు ఆర్వల్.

"పొద్దున నేను బయటికొచ్చేసరికి అద్దం తుడిచి ఉండేది. ఇంజను వేడెక్కి ఉండేది. ప్రతి చలికాలమూ అంతే. అక్కే చేసేది. నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడు లేచేదో, ఏం వేసుకుని బయటికి వెళ్ళేదో."

"మరి నిన్నేం చేశావు?"

"అట్లకాడతో గీకాను."

ఆర్వల్ నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, సగంలో అది ఏడుపైంది. ట్వైలా నవ్వలేదు. లేచి వచ్చి ఏమీ అందించలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆర్వల్ జేబులోంచి రుమాలు తీసి, ఎటో చూస్తూ నా మోకాలి మీద పెట్టాడు.

కొంతసేపయ్యాక ట్వైలా అడిగింది. "గీకుతున్నప్పుడు ఏమనిపించింది?"

ఆమెకు నిజంగానే తెలియదు. నాకూ తెలియదు. చెప్పడం మొదలుపెట్టాను.